మలేరియా మందులో లోహం... అసలు దానికక్కడ పనేంటి?

నా ఉద్యోగం ఏంటంటే మందులో లోహం లేదని సంతకం పెట్టడం. జోక్ కాదు, నిజంగా అదే. హైదరాబాద్ శివార్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షించే చోట చేస్తాను, రోజూ శాంపిల్స్‌ని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి ఐసీపీ-ఎంఎస్ అనే మిషన్‌కి పెట్టి సీసం ఎంత, పాదరసం ఎంత, రియాక్షన్‌లో వాడిన పల్లాడియం ఎంత మిగిలిపోయింది అని చూసి, లిమిట్ లోపలే ఉందని రాసి పంపిస్తాను. దీనికి ముందు ఐదేళ్ళు ఒక యూనివర్సిటీలో చేసింది సరిగ్గా దీనికి రివర్స్. మలేరియా మందులోకి కావాలని లోహాన్ని ఎక్కించడం. ఆ పీహెచ్‌డీ పూర్తవలేదు, ఎందుకు పూర్తవలేదో కిందకొచ్చాక చెప్తాను.

మొన్న ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర ఈ టాపిక్ ఎలా వచ్చిందో వచ్చింది. మా బాబాయ్ వెంటనే, "లోహంతో మందా, మనవాళ్ళు ఎప్పుడో చేశారమ్మా, లోహ భస్మం, కాంత సింధూరం ఏంటనుకున్నావ్" అన్నాడు. పక్కనే మా పెద్దమ్మ కొడుకు, వాడు ఫార్మసీ చదివాడు, "మెటల్ అంటే టాక్సిక్ అక్కా, లివర్ పోద్ది" అని తేల్చేశాడు. ఇద్దరికీ గట్టిగా సమాధానం చెప్దామనుకునేలోపు పులిహోర వచ్చేసింది, తర్వాత కుదరలేదు. అందుకే ఇక్కడ.

నా వాదన ఒకటే. లోహం మంచిదా చెడ్డదా అన్న గొడవే అనవసరం. ఆ మాలిక్యూల్‌లో లోహం కూర్చుని చేస్తున్న పని ఏంటి, దాన్ని పీకేస్తే ఏం పోతుంది, అది చెప్పగలిగితే మందు గురించి మాట్లాడొచ్చు, చెప్పలేకపోతే అది రంగునీళ్ళే. బాబాయ్ ఆ ప్రశ్న అడగడు, తమ్ముడూ అడగడు. నిజం చెప్పాలంటే నేను ఐదేళ్ళు ల్యాబ్‌లో ఉండి కూడా అడగలేదు.

ముందు ఒక సంగతి. మలేరియా కథే ఇనుము కథ, అది కూడా మన బేగంపేటలో బయటపడింది. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ అక్కడ మిలిటరీ హాస్పిటల్‌లో హుసేన్ ఖాన్ అనే జ్వరం మనిషిని దోమలతో కుట్టించి, కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చి, ఆ దోమల్ని ఒక్కొక్కటీ కోసుకుంటూ వచ్చాడు. ఆగస్టు 20న దోమ కడుపు గోడ మీద గుండ్రటి కణాలు కనిపించాయి. దోమ కడుపులో ఏవేవో ఉంటాయి, ఇవి మలేరియావే అని ఎలా తెలిసింది? వాటి లోపల సన్నటి నల్ల చుక్కలున్నాయి. మలేరియా రోగి రక్తంలో కనిపించే నల్ల రంగు గింజలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే. ఐదేళ్ళ తర్వాత నోబెల్ వచ్చింది. మనం స్కూల్లో దోమ గురించే చదువుకున్నాం కానీ ఆ రోజు ఆయనకి దారి చూపించింది ఆ నల్ల చుక్క, ఆ నల్ల చుక్క ఇనుము.

అది ఎక్కణ్ణించి వస్తుందంటే, మలేరియా క్రిమి మన ఎర్ర కణంలో దూరి హిమోగ్లోబిన్ తింటుంది. చేపల పులుసు తినేటప్పుడు మెత్తటి కండ తిని ముల్లు పక్కన పెడతాం చూడండి, అలా ప్రోటీన్ తినేసి హీమ్‌ని వదిలేస్తుంది, హీమ్ అంటే మధ్యలో ఇనుము పరమాణువు ఉన్న చదునైన చక్రం లాంటిది. ఇబ్బందేంటంటే ఆ ముల్లు దానికి విషం, విడిగా తిరిగితే క్రిమి పొరలన్నీ చిల్లులు పడతాయి. అందుకని వాటిని జంటలు జంటలుగా కలిపి, పేర్చి, గట్టి స్ఫటికంగా చేసి మూల పడేస్తుంది. హిమోజోయిన్ అంటారు, రాస్ చూసిన నల్ల గింజ ఇదే. క్లోరోక్విన్ చేసేది ఏంటంటే ఆ పేర్చే పనికి అడ్డం పడటం. ముల్లు పక్కన పెట్టనివ్వదు, అది గొంతులోనే ఉండిపోతుంది. అంటే మనం లోహం లేని మందు అనుకున్న క్లోరోక్విన్ కూడా లోహం మీదే బతుకుతోంది. చైనాలో టు యూయూ బృందం బయటికి తీసిన ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందు కూడా అంతే, దానిలో ఉన్న పెరాక్సైడ్ బంధం హీమ్‌లో ఇనుము తగిలితేనే తెగి పని మొదలుపెడుతుంది. ఇనుము లేని చోట అది ఊరికే పడుంటుంది.

మా అమ్మమ్మ వాళ్ళది రంపచోడవరం వైపు, ఏజెన్సీ అంచున ఊరు. వేసవి సెలవులకి వెళ్ళి చలిజ్వరంతో తిరిగొచ్చిన ఏళ్ళు రెండున్నాయి నాకు. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు కొట్టుకునే ఆ చలి, తర్వాత ఒళ్ళు కాలిపోవడం, తర్వాత చెమటలు పట్టి మంచం తడిసిపోవడం. మలేరియా వర్కర్ వచ్చి వేలి మీద పొడిచి గాజు పలక మీద రక్తపూత తీసుకుని, వచ్చిన తారీకు గోడ మీద రాసి వెళ్ళేవాడు. ఆ పూత రిజల్ట్ వచ్చేలోపు జ్వరం రెండుసార్లు వచ్చిపోయేది, అది వేరే విషయం. అమ్మమ్మ ప్రతి మలేరియా మాత్రనీ "కొయినా" అనే పిలిచేది, అది క్లోరోక్విన్ అని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. చేదు అంటే మామూలు చేదు కాదు, బెల్లం ముక్క ముందే నోట్లో పెట్టుకుని వేసుకున్నా నాలుక వెనకాల గంటసేపు ఉండేది. కొంతమందికి ఒళ్ళంతా దురద కూడా.

ఆ మాత్ర ఫాల్సిపారమ్ మీద, అంటే మలేరియా క్రిముల్లో ఎక్కువ ప్రాణాలు తీసే రకం మీద, పనిచేయడం మానేసింది. మన దేశంలో మొదట బయటపడింది 1973లో, అస్సాంలో కర్బీ ఆంగ్లాంగ్ జిల్లాలో. అంతకుముందే 1950ల చివర్లో థాయ్‌లాండ్-కంబోడియా సరిహద్దు దగ్గరా, కొలంబియాలోనూ వచ్చింది. కారణం తెలియడానికి 2000 దాకా పట్టింది. క్రిమి తిండి అరిగించుకునే సంచి గోడలో పీఎఫ్‌సీఆర్‌టీ అని ఒక ప్రోటీన్ ఉంది, 424 అమైనో ఆమ్లాలు, అందులో 76వది మారిపోయింది. లైసిన్ ఉండాల్సిన చోట థ్రియోనిన్. ఇంకొన్ని చోట్ల కూడా మార్పులుంటాయి కానీ అసలు తలుపు తెరిచింది ఇదే, క్లోరోక్విన్ లోపలికి వచ్చింది వచ్చినట్టే బయటికి తోసేస్తోంది. గమనించండి, ఇనుము మారలేదు. ముల్లు పేర్చుకోవాల్సిన అవసరం మారలేదు. మందుని గెంటేయడం ఒక్కటే నేర్చుకుంది. కాబట్టి ఆ తలుపు గుర్తుపట్టలేని క్లోరోక్విన్ ఒకటి తయారుచేస్తే పాత ఆయుధం మళ్ళీ పనికొస్తుంది.

ఇక్కడే లోహం కథలోకి వస్తుంది. వెనిజులాలో సాంచెజ్-డెల్గాడో బృందం 1996లో క్లోరోక్విన్‌ని రుథేనియం అనే ప్లాటినం జాతి లోహానికి కట్టి, క్లోరోక్విన్‌కి లొంగని రకాల మీద మామూలు క్లోరోక్విన్ కన్నా కొన్ని రెట్లు బాగా పనిచేస్తోందని చూపించింది. మరుసటేడు ఫ్రాన్స్‌లో లీల్ నగరంలో క్రిస్టోఫ్ బియో వాళ్ళు ఫెరోక్విన్ ప్రకటించారు. నా దృష్టిలో ఈ మొత్తం రంగంలో లోహానికి నిజంగా పని ఇచ్చిన మాలిక్యూల్ అదే.

ఫెరోసీన్ అని ఉంటుంది, నారింజ రంగు పొడి. 1951లో దొరికింది, దాని నిర్మాణం ఇలా ఉంటుందంటే అప్పట్లో కెమిస్టులు నమ్మలేదు. మన తిరగలి గుర్తు తెచ్చుకోండి, పైన ఒక రాయి, కింద ఒక రాయి, మధ్యలో ఇనుప ఇరుసు. రాళ్ళ బదులు ఐదేసి కార్బన్ల ఉంగరాలు రెండు, మధ్యలో ఒక ఇనుము పరమాణువు. తిరగలి లాగే ఉంగరాలు తిరుగుతాయి కూడా. లీల్ వాళ్ళు చేసింది ఏంటంటే ఈ తిరగలిని క్లోరోక్విన్ తోకలో, రెండు నైట్రోజన్ల మధ్య ఇరికించారు. ఎక్కడ పడితే అక్కడ కాదు. అదే ఫెరోసీన్‌ని ఇంకో చోట తగిలించిన మాలిక్యూల్స్ కూడా చేసి చూశారు, లొంగని రకాల మీద అవి ఇంత బాగా రాలేదు. సరిగ్గా ఆ చోట పెడితేనే తోక వంగి లోపల్లోపలే ఒక హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది, నూనెల్లో, పొరల్లో కరిగే గుణం పెరుగుతుంది, లావెక్కుతుంది, ఆ 76వ నంబర్ తలుపుకి ఇది పాత చుట్టమని తెలియదు.

మరి ఇనుమే ఎందుకు? ఇనుము ఉంటే దగ్గర్లో ఆక్సిజన్ రాడికల్స్, అంటే తగిలినదాన్నల్లా పాడుచేసే ఆక్సిజన్ ముక్కలు పుట్టించి క్రిమిని లోపలినుంచి కాల్చేస్తుంది అని ఒక వివరణ ఉంది, ఫెరోక్విన్‌కి ఆ సామర్థ్యం ఉందని చూపించారు కూడా. నేను దాన్ని చాలా ఇష్టంగా నమ్మేదాన్ని, సెమినార్‌లో బొమ్మలు కూడా వేశాను. కానీ అదే బృందం ఇనుము తీసేసి అక్కడ రుథేనియం పెట్టి రుథేనోక్విన్ చేసింది, అది రాడికల్స్ పుట్టించే రకం కాదు, అయినా టెస్ట్ ట్యూబ్‌లో క్రిమిని దాదాపు అలాగే చంపింది. అంటే లోహం ముఖ్యంగా చేస్తున్నది నిప్పు పెట్టడం కాదు, ఇరుసు పని. ఆకారాన్ని పట్టి ఉంచడం. వినడానికి చప్పగా ఉంటుంది కానీ నాకు ఈ ప్రయోగం మీద ఉన్నంత గౌరవం ఇంకే ప్రయోగం మీదా లేదు, ఎందుకంటే వాళ్ళు తమ సొంత మాలిక్యూల్‌ని "నీకిక్కడ పనేంటి" అని అడిగారు.

తర్వాత ఏమైంది అంటే, సనోఫీ కంపెనీ తీసుకుంది, మనుషుల మీద ట్రయల్స్ దాకా వెళ్ళింది. శరీరంలో సగం తగ్గడానికే రెండు వారాలపైన పడుతుంది కాబట్టి, ఆర్టెఫెనోమెల్ అనే ఇంకో కొత్త మందుతో కలిపి ఒకే ఒక్క డోసుతో మలేరియా తగ్గించొచ్చని పెద్ద ఆశ పెట్టుకున్నారు. ఒక్క డోసు అంటే ఏంటో సిటీలో కూర్చుంటే అర్థం కాదు. ఇప్పుడిచ్చే ఏసీటీ, అంటే ఆర్టెమిసినిన్ రకం మందుకి ఇంకోటి జోడించిన కోర్సు మూడు రోజులు, రెండో రోజుకి పిల్లాడు లేచి ఆడుకుంటాడు. మా అమ్మమ్మ ఊళ్ళో ఒకావిడ మూడో రోజు మాత్ర కొంగు చివర ముడేసుకుని "చిన్నోడికి కూడా వస్తుందేమోనని ఉంచానమ్మా" అని నాకు విప్పి చూపించింది. ఆమెని తప్పుబట్టడానికి నాకు నోరు రాలేదు. ఒక్క డోసు ఆశ ఆవిడ కోసమే. ట్రయల్‌లో 95 శాతం మందికి నయం కావాలని పెట్టుకున్నారు, ఫెరోక్విన్ డోసు పెంచుకుంటూ నాలుగు రకాలుగా ఇచ్చినా ఏదీ ఆ గీత దాటలేదు, తాగాక వాంతులు కూడా సమస్యే అయ్యాయి. ఆ జోడీ అక్కడితో ఆగిపోయింది. 1997లో పుట్టిన మాలిక్యూల్‌కి రెండు దశాబ్దాలు దాటినా షాపులో చోటు దొరకలేదు.

ఇది చూసి "చూశావా, లోహం మందు ఫెయిల్" అంటే మాత్రం నేనొప్పుకోను. ఫెయిలైంది ఒక్క డోసుతో అన్న పందెం. అదే ఫెరోక్విన్‌ని ఆర్టెసునేట్‌తో (ఆర్టెమిసినిన్ నుంచి చేసిన మందే) కలిపి మూడు రోజులిచ్చిన ఆఫ్రికా ట్రయల్‌లో ఫలితాలు బాగానే వచ్చాయి. కానీ మూడు రోజుల మందులు ఆల్రెడీ ఉన్నాయి, చవగ్గా ఉన్నాయి, ఇంకొకటి తేవడానికి డబ్బులెవరు పెడతారు? 2023లో ప్రపంచంలో 26.3 కోట్ల మలేరియా కేసులు, 5,97,000 మరణాలు, అందులో ఎక్కువ ఆఫ్రికాలో ఐదేళ్ళ లోపు పిల్లలు. డయాబెటిస్ మందుకి ఇన్ని కోట్ల పేషెంట్లున్నారంటే కంపెనీలు క్యూ కడతాయి, ఇక్కడ కట్టవు. దాంట్లో ఇనుము తప్పేం లేదు. ఇంకోవైపు ఫెరోక్విన్‌ని నెత్తికెత్తుకోవడం కూడా అనవసరం. అది క్లోరోక్విన్ చుట్టమే కాబట్టి రక్తంలో ఉన్న క్రిమి మీదే దాని దెబ్బ. మన దగ్గర బాగా ఉండే ఇంకో రకం మలేరియా క్రిమి వైవాక్స్ లివర్‌లో నెలల తరబడి నిద్రపోయి మళ్ళీ లేస్తుంది, దానికి ఎలాగూ 14 రోజుల ప్రైమాక్విన్ మింగాల్సిందే.

సరే, బాబాయ్ దగ్గరికొద్దాం. బాబాయ్, మన దేశంలో లోహంతో మందు చేసి లక్షలమందిని బతికించిన మనిషి ఉన్నాడు, కానీ ఆయన భస్మం నూరలేదు. ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి, కలకత్తా క్యాంప్‌బెల్ హాస్పిటల్‌లో గ్యాస్ కనెక్షన్ లేదు, నీళ్ళ కొళాయి లేదు, పొగచూరిన లాంతరు పెట్టుకుని చిన్న గదిలో ఆంటిమొనీతో యూరియా స్టిబమిన్ చేశాడు, కాలా అజార్ అని అది కూడా పరాన్నజీవి జ్వరమే, దానికి. 1920ల సంగతి. తేడా ఎక్కడంటే ఆయన ఒక పదార్థం చేశాడు, డోసు పెట్టాడు, ఎంతమందికి ఇస్తే ఎంతమంది లేచారో లెక్క రాశాడు. భస్మం డబ్బాలో ఏ లోహం ఏ రూపంలో ఎంత ఉందో ఆ డబ్బా చెప్పదు. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేదం మందులు 193 కొని పరీక్షిస్తే వాటిలో 20.7 శాతంలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికిందని 2008లో పేపర్ వచ్చింది. నా మిషన్‌లో సీసం రోజుకి 5 మైక్రోగ్రాములు దాటే బ్యాచ్ వస్తే దాన్ని నేను బయటికి పోనివ్వను, మరి నీ డబ్బా ఎవరి మిషన్ మీంచి వచ్చింది? (ఇంకో మాట, ఆ ఆంటిమొనీ మందులు కూడా తర్వాత్తర్వాత బీహార్‌లో పనిచేయడం మానేశాయి. లోహమైతే క్రిమి అలవాటు పడదు అనేది కూడా భ్రమే.)

ఇక తమ్ముడు. లోహం అంటే విషం అంటాడు, ఆర్సెనిక్‌తో చేసిన మెలార్సోప్రాల్ చూపిస్తాడు, నిద్రజబ్బుకి అది ఇస్తే వందలో ఐదుగురు దాకా ఆ మందు వల్లే పోయేవాళ్ళు. నిజమే. కానీ క్యాన్సర్‌కి సిస్‌ప్లాటిన్ 1978 నుంచి వాడుతున్నారు, మధ్యలో ఉన్నది ప్లాటినమే. పైగా మా రూల్ బుక్‌లో, అదే ఐసీహెచ్ క్యూ3డీలో, సీసానికి లిమిట్ ఉంది, రుథేనియంకి ఉంది, ఇనుముకి అసలు లిమిట్ నంబరే పెట్టలేదు. అలాగని ఇనుము అమాయకమా అంటే అదీ కాదు. జాంజిబార్ దగ్గర పెంబా దీవిలో రక్తహీనతకని పిల్లలకి ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చిన పెద్ద స్టడీలో, ఆ పిల్లలే 12 శాతం ఎక్కువగా హాస్పిటల్ పాలయ్యారు లేదా చనిపోయారు, 2006లో వచ్చింది ఆ పేపర్. మలేరియా ఎక్కువున్న ఊరు, ఇచ్చిన ఇనుము ఎవరికి ఉపయోగపడిందో మరి. చూడు, మాత్రలో ఇనుము, తిరగలిలో బిగించిన ఇనుము, క్రిమి మూల పడేసిన నల్ల గింజలో ఇనుము, మూడూ అదే మూలకం, మూడూ వేరు వేరు పదార్థాలు. ఫార్మసీ చదివినోడివి, నీకు నేను చెప్పాలా ఇది.

ఇప్పుడు నా సంగతి. మా ల్యాబ్‌లో పద్ధతి ఏంటంటే ఒక షిఫ్ బేస్ లైగాండ్ (లైగాండ్ అంటే లోహాన్ని పట్టుకునే మాలిక్యూల్) తీసుకో, రాగి, నికెల్, కోబాల్ట్, జింక్ నాలుగూ వరసగా కట్టు, రంగులొస్తాయి, స్పెక్ట్రాలు తీయి, డాకింగ్‌లో, అంటే మందు క్రిమి ప్రోటీన్‌లో ఎలా ఇముడుతుందో కంప్యూటర్‌లో చూపించే దాంట్లో, అందమైన బొమ్మ పెట్టు, "మలేరియా మందుగా ఆశాజనకం" అని చివరి లైన్ రాయి. నాలుగు నెలలకో పేపర్. నేను కొంచెం ఎక్కువ ఆశపడి రుథేనియం క్లోరైడ్ కొనిపించాను, బంగారం కొన్నట్టు గ్రాము లెక్కన. క్లోరోక్విన్ లాంటి లైగాండ్ కట్టాను, ముదురు ఎర్ర మట్టి రంగు వచ్చింది. నీళ్ళలో కరగదు కాబట్టి అందరిలాగే డీఎంఎస్ఓ అనే ద్రవంలో కరిగించి, క్రిముల్ని పెంచే ఇంకో ల్యాబ్‌కి పంపాము. క్లోరోక్విన్‌కి లొంగని డబ్ల్యూ2 రకం మీద నంబర్ బాగా వచ్చింది, స్వీట్స్ కూడా పంచాను.

ఒకరోజు రాత్రి పవర్ పోయి యూవీ మిషన్ ఆగిపోతే శాంపిల్‌ని అలాగే వదిలేసి హాస్టల్‌కి వెళ్ళిపోయాను. పొద్దున చూస్తే క్యూవెట్‌లో, అంటే శాంపిల్ పోసే చిన్న గాజు డబ్బాలో, ఉన్నది పసుపు. స్పెక్ట్రమ్ తీస్తే నిన్నటి పీక్ లేదు, కొత్తది ఇంకెక్కడో ఉంది. డీఎంఎస్ఓ ఊరికే కరిగించే ద్రవం కాదు, దాని సల్ఫర్ వెళ్ళి రుథేనియంకి అతుక్కుని క్లోరైడ్‌ని నెట్టేసింది. అంటే ఆ ల్యాబ్‌లో క్రిముల మీద పోసింది నేను చేసిన మాలిక్యూల్ కాదు, దారిలో తయారైన ఇంకేదో. అక్కడ పనిచేసింది అదో, విడిపోయిన లైగాండో, ఎవరికీ తెలియదు. ఇదేమీ నేను కనిపెట్టిన కొత్త విషయం కూడా కాదు, సిస్‌ప్లాటిన్ వాళ్ళు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. గైడ్‌కి చూపిస్తే "పేపరుకి సరిపోతుంది లేమ్మా, అందరూ డీఎంఎస్ఓలోనే చేస్తారు" అన్నారు. కాదు సార్, మళ్ళీ చేయాలి అన్నాను, ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి, ఏడాదికి నేను బయటికొచ్చేశాను. పేపర్ మాత్రం వచ్చింది, అందులోంచి నా పేరు తీయించుకున్నాను.

పోయిన నెల నేను చదివిన ఊళ్ళోనే చదువుతున్న జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. రాగి కాంప్లెక్స్ చేశాడట, క్రిమి మీద టెస్ట్‌కి పంపబోతున్నాడు, ఇంట్రడక్షన్ ఎలా రాయాలో చెప్పమన్నాడు. రాగి దేనికి పెట్టావ్ రా అంటే "యాక్టివిటీ పెరుగుతుందని అక్కా" అన్నాడు. ఉత్త లైగాండ్‌నీ, ఉత్త రాగి సాల్ట్‌నీ కూడా పక్కన పెట్టి టెస్ట్ చేయించు, ముందు మాత్రం నీ కాంప్లెక్స్‌ని డీఎంఎస్ఓలో కలిపి ఒక రాత్రి బెంచ్ మీద వదిలేసి, పొద్దున అప్పటికప్పుడు కలిపిన దాని పక్కన పెట్టి చూడు అని చెప్పాను.

పొద్దున ఏడింటికే ఫోటో వచ్చింది వాట్సాప్‌లో. రెండు టెస్ట్ ట్యూబులు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి వెలిసిపోయిన నీలం. కింద ఒకటే లైన్: "అక్కా, ఇప్పుడు సార్‌కి ఏం చెప్పాలి?"